మా తమ్ముడికి ఇన్సులిన్ టెస్టులో కార్టిసాల్ 11 వచ్చింది, మళ్లీ చేయాలంటున్నారు, ఎందుకు?

షుగర్ సరిపడా తగ్గలేదు, అందుకే. ఈ టెస్టులో ఇన్సులిన్ ఇచ్చి షుగర్ దించుతారు, ఆ ఒత్తిడికి కార్టిసాల్ అనే హార్మోన్ ఎంత పెరుగుతుందో చూస్తారు. మీ తమ్ముడి రిపోర్టులో కార్టిసాల్ పక్కన గ్లూకోజ్ వరస చూడండి: అన్నిటికంటే తక్కువ 52. అది 40 కిందికి దిగి, చెమటలు పడితేనే ఒంటికి ఒత్తిడి తగిలినట్టు. దిగకపోతే ఆ 11కు అర్థమే లేదు. దిగాక కార్టిసాల్ 18 దాటితే సాధారణంగా బాగున్నట్టే.

ఈసారి:

1. రాత్రి నుంచి నీళ్లు తప్ప ఏమీ వద్దు. నల్లగొండలో తెల్లారి బస్సెక్కితే నార్కట్‌పల్లి దగ్గర చాయ్ కూడా తాగనీయొద్దు.
2. ప్రెడ్నిసొలోన్ (స్టెరాయిడ్ మందు), ఆస్తమా ఇన్‌హేలర్, మోకాలికి వేయించుకున్న స్టెరాయిడ్ సూది, అన్నీ డాక్టరుకు ముందే చెప్పండి. సొంతంగా ఆపొద్దు.
3. ఫిట్స్, గుండెజబ్బు ఉంటే ఈ టెస్టు చేయరు, అదీ చెప్పాలి.

అయ్యాక అన్నం తినిపించి, షుగర్ మళ్లీ చూశాకే బస్సెక్కించండి.