పెంచిన మామయ్యకు ఫాదర్స్ డే జరపవచ్చా?

నాన్న చిన్నప్పుడే పోయారని, మేనమామ పెంచారని, ఆయనకు ఫాదర్స్ డే జరిపితే అమ్మ మనసు నొచ్చుకుంటుందేమోనని అడిగారు. తప్పకుండా జరపండి. నాదీ మీలాంటి కథే. అయితే మొదటి ఏడాది నేను చేసిన పొరపాటు మీరు చేయకండి.

నాకు ఆరేళ్లప్పుడు నాన్న పోయారు. అమ్మ మమ్మల్ని తీసుకుని తెనాలిలో తమ్ముడి ఇంటికి వచ్చేసింది. మామయ్య దర్జీ. ఏటా బడి తెరిచే ముందు నా యూనిఫారం గౌను ఆయనే కుట్టేవారు. పెరిగే పిల్లనని అడుగున రెండు మూడు టక్కులు పెట్టేవారు. నేను పొడుగైనప్పుడల్లా, రాత్రి దుకాణం మూసి వచ్చాక ఒక టక్కు విప్పేవారు. విప్పినచోట వెలిసిపోని గుడ్డ ముదురు నీలం గీతలా కనబడేది. దాన్ని చూసి ఎవరూ నన్ను చిన్నచూపు చూడకూడదని ఆ గీత మీద సన్నని రిబ్బను కుట్టి ఇచ్చేవారు. తోటి పిల్లలు అలాంటి గౌనే కావాలని ఇంట్లో అడిగేవారు.

ఉద్యోగం వచ్చిన ఏడాది ఎవరికీ చెప్పకుండా కేకు, ఖరీదైన వాచీ తెచ్చాను. కేకు మీద అక్షరాలు చదివి మామయ్య గోడ మీదున్న నాన్న ఫోటో వైపు చూశారు. "ఇది బావగారికి చెందాల్సింది కదమ్మా" అని లేచి వెళ్లిపోయారు. ఆ రాత్రి అమ్మ, "ముందు నాతో ఒక్క మాట అని ఉంటే బాగుండేది" అంది.

మరుసటి ఏడాది అమ్మనే అడిగాను. ఇద్దరికీ కలిపి చేద్దామంది. పొద్దున నాన్న ఫోటోకు దండ వేశాం. మధ్యాహ్నం మామయ్యకు ఇష్టమైన గుత్తివంకాయ కూరతో అందరం భోజనానికి కూర్చున్నాం. నాన్న గురించి ఏదైనా చెప్పమని అడిగితే, పెళ్లిచూపులకు వచ్చినప్పుడు నాన్న చొక్కా గుండీ ఊడిపోయిందని, పెరట్లోకి పిలిచి తానే కుట్టానని చెప్పారు. ఆ సంగతి అమ్మకు కూడా తెలియదు! అప్పటి నుంచి ఏటా ఒక కొత్త సంగతి చెబుతున్నారు. నాన్న నాకు అలాగే దొరుకుతున్నారు.

ఈ పండుగ పుట్టుకలోనే పెంపకం ఉంది. అమెరికాలోని స్పోకేన్‌లో సొనోరా స్మార్ట్ డాడ్ అనే ఆమె 1910 జూన్ 19న దీన్ని మొదలుపెట్టింది. కాన్పులో తల్లి పోతే ఆరుగురు పిల్లలనూ పెంచిన తండ్రి కోసం ఆమె అడిగిన రోజు ఇది. అక్కడి ప్రభుత్వం దీన్ని చట్టంగా చేసింది మాత్రం 1972లో. ఇక మన పెద్దలు చెప్పే శ్లోకంలో తండ్రులు ఐదుగురు: కన్నవాడు, ఉపనయనం చేసినవాడు, చదువు చెప్పినవాడు, అన్నం పెట్టినవాడు, భయం నుంచి కాపాడినవాడు. మీ మామయ్య, మా మామయ్య ఆ వరుసలోనివారే.

కానుక అంటారా, ఆయన రోజూ చేసే పనిలో ఏది కష్టంగా ఉందో చూడండి. మా మామయ్యకు ఇప్పుడు చూపు ఆనక, సూదిలో దారం ఎక్కించడం కష్టమవుతోంది. జూన్ మూడో ఆదివారం పొద్దున్నే దుకాణానికి వెళ్లి కాజాల సూదులన్నింటికీ దారాలు ఎక్కిస్తాను. తెల్లవి, నల్లవి, నీలానివి వేరువేరుగా మిషను పక్కన ఉన్న చిన్న దిండుకు గుచ్చి వస్తాను. నీలం దారం కాస్త ఎక్కువే పెడతాను.