క్యూబేస్‌లో రికార్డ్ నొక్కితే బయటి టేప్ మెషీన్ కూడా రికార్డ్ అవుతుందా?

పక్కన ఎనిమిది ట్రాకుల రీల్ మెషీన్ ఉంది, కంప్యూటర్లో క్యూబేస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో రికార్డ్ నొక్కగానే అదీ రికార్డులోకి వెళ్ళాలి, అంతే కదా మీ ప్రశ్న? అవుతుంది. కానీ నన్నడిగితే ప్లే, స్టాప్, రివైండ్, ఫలానా చోటికి పో, ఇవన్నీ సాఫ్ట్‌వేర్‌కి వదిలేయండి, రికార్డ్ బటన్ మాత్రం మీ వేలి కిందే ఉంచుకోండి.

ముందు అందరూ తికమకపడే సంగతి చెప్తాను. ఆజ్ఞలు ఒక దారిలో వెళ్తాయి, టైము ఇంకో దారిలో వెనక్కొస్తుంది. సాఫ్ట్‌వేర్ ఎమ్‌ఎమ్‌సీ (1992 నుంచి ఉన్న మిడీ మెషీన్ కంట్రోల్; మిడీ అంటే సంగీత పరికరాలు, కంప్యూటర్లు మాట్లాడుకునే భాష) ద్వారా 'ప్లే' అంటుంది. మెషీన్ కదిలి, స్పీడ్ అందుకుని, ఎనిమిదో ట్రాకులో ముందే ఎక్కించిన టైమ్‌కోడ్ (టేప్ ఎక్కడుందో చెప్పే గడియారం లాంటి చప్పుడు) వినిపించాక, సింక్ పెట్టె దాన్ని మిడీ టైమ్‌కోడ్‌గా మార్చి పంపితే అప్పుడు సాఫ్ట్‌వేర్ దాని వెంట పరిగెత్తుతుంది. అంటే బటన్ నొక్కేది కంప్యూటరైనా నడిపించేది టేపే. అందుకే పంచ్‌కి, అంటే రికార్డులోకి దూకే చోటుకి, ముందు కొన్ని సెకన్ల ప్రీ-రోల్ (ఉత్తినే నడిచే టేపు) వదలాలి. రెండు వైపులా ఫ్రేమ్ రేట్ (టైమ్‌కోడ్ సెకనుని ఎన్ని ముక్కలు చేస్తుందో ఆ లెక్క) ఒకటే ఉండాలి, 25 అంటే రెండు చోట్లా 25. ఏడో ట్రాక్ ఖాళీగా ఉంచండి, లేకపోతే టైమ్‌కోడ్ కీచుమనే చప్పుడు పక్క ట్రాకులోకి కారుతుంది.

ఇక రికార్డ్ సంగతి. చెన్నైలో అసిస్టెంట్‌గా ఉన్నప్పుడు మా స్టూడియోలో అలాంటి మెషీన్లు రెండుండేవి, మిడీ కేబుల్ మొదటిదాని త్రూ (వచ్చిన ఆజ్ఞని ముందుకి పంపే సాకెట్) నుంచి రెండోదానికి వెళ్ళేది. పొద్దున రెండోదాని మీద వీణ తీశాం. పెద్దాయన చరణానికి ముందొచ్చే బిట్ ఒక్క టేకులో వాయించి, కాఫీ కూడా తాగకుండా ఇంకో రికార్డింగ్‌కి పరిగెత్తారు. సాయంత్రం వచ్చి ఏదైనా సరిచేస్తానంటారేమోనని ఆ ట్రాక్ అలాగే ఆర్మ్‌లో, అంటే రికార్డుకి సిద్ధంగా, వదిలేశారు మా ఇంజనీర్ గారు. మధ్యాహ్నం బయటి ప్రోగ్రామర్ ఒకతను తన కంప్యూటర్ తెచ్చుకుని కోరస్ తీయడానికి కూర్చున్నాడు. అతని సెట్టింగ్‌లో డివైస్ ఐడీ 127. ఎమ్‌ఎమ్‌సీలో 127 అంటే 'లైన్లో ఉన్న వాళ్ళందరూ వినండి' అని.

అద్దం అవతల అమ్మాయిలు హాయిగా పాడుతున్నారు, ఇవతల మూలనున్న రెండో మెషీన్ ఎర్రలైటు వేసుకుని తిరుగుతోంది. లోపలికి సిగ్నల్ ఏమీ రావట్లేదు, అయినా రికార్డ్ హెడ్ కంటే ముందుండే ఎరేజ్ హెడ్ దాని పని అది చేసుకుపోతోంది. ఎవరో చూసి అరిచేసరికి వీణ బిట్ సగం తుడిచిపెట్టుకుపోయింది.

"ఏంటయ్యా ఇది?" అన్నారు ఇంజనీర్ గారు.

"నా స్క్రీన్ మీద ఒక్క మెషీనే ఉంది సార్!"

అతను అబద్ధం చెప్పలేదు. ఒకవైపు కేబులే వేస్తే సాఫ్ట్‌వేర్ చెప్పి ఊరుకుంటుంది, అవతల ఎవరు విన్నారో దానికి తెలియదు. రికార్డ్ ఆజ్ఞ మొత్తం ఆరే ఆరు బైట్లు, అందులో 'నిజంగానే చెరిపేయమంటారా' అని అడిగే బైటేదీ లేదు. టేపుకి అన్‌డూ లేదు. పెద్దాయన రాత్రి పదింటికి వచ్చి మళ్ళీ వాయించారు, బాగానే వాయించారు, కానీ పొద్దున్నది వేరు.

ఇప్పుడు రోజుకొకరు 'టేప్ వార్మ్‌త్' కావాలంటూ పాత మెషీన్ కొని, దానికి అతి చవకైన యూఎస్‌బీ-మిడీ కేబుల్ తగిలిస్తున్నారు. ఆ కేబుళ్ళలో చాలావాటికి మామూలు నోట్లు పంపడం వచ్చు గానీ సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ అనే పొడవాటి మిడీ సందేశాలు సరిగ్గా పంపడం రాదు, ఎమ్‌ఎమ్‌సీ నడిచేదే వాటి మీద. ప్లే పని చేసి లొకేట్ (ఫలానా చోటికి పో) పని చేయకపోతే మెషీన్ విప్పకండి, ముందు కేబుల్ మార్చండి. హెడ్లు శుభ్రం చేయరు, చెన్నై, విశాఖ గాలి తేమకి రీళ్ళు ఏమవుతాయో పట్టించుకోరు, మళ్ళీ సౌండ్ మందంగా ఉందంటారు.

అయినా చేసి తీరాలంటారా? 127 తీసేసి ఒక్కో మెషీన్‌కి ఒక్కో నంబరివ్వండి, మెషీన్ మిడీ అవుట్ నుంచి కంప్యూటర్‌కి వెనక్కి కూడా ఒక కేబుల్ వేయండి, అవసరం లేని ట్రాకులన్నీ మెషీన్ మీదే సేఫ్‌లో (రికార్డ్ కాకుండా) పెట్టండి, మొదటిసారి ఖాళీ రీల్ ఎక్కించి చూడండి. మీ మెషీన్‌కి సింక్ పెట్టె ఉందో లేదో రాయలేదు. అది లేకపోతే ఇదంతా వదిలేసి రెండు చేతులతో రెండు బటన్లు నొక్కుకోండి.