అద్దె ఇళ్ళ తాళాలు చేతికి తీసుకున్న మేనకోడలికి

అమ్మడూ,

నువ్వు ఉద్యోగం మానేసి యజమానుల తరఫున అద్దె ఇళ్ళ బాగోగులు చూసుకునే పనిలోకి దిగావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వాడిది గాభరా. నాకు మాత్రం, మా ఇంటి ఆడపిల్ల నేను చేసిన పనే ఎంచుకుందని, చెప్పొద్దూ, కాస్త పొగరుగానే అనిపించింది. ఆ పొగరు ఎంతోసేపు నిలవలేదు. వెనకాలే నీ ఫోటో పంపాడు. తాళాల గుత్తి చెంప పక్కన పెట్టుకుని నవ్వుతున్నావు. నవ్వు బాగుంది. ముందు ఆ ఫోటో తీసెయ్యి, ఉత్తరం తర్వాత చదువుకోవచ్చు.

చాదస్తం అనుకోకు. తాళంచెవి అంటే దాని అంచున ఉన్న గాట్లే. ఏ గాటు ఎంత లోతో తెలిస్తే అసలు కీ చేతిలో లేకుండానే ఇంకోటి కోసెయ్యొచ్చు. 2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియేగో పరిశోధకులు దాదాపు 200 అడుగుల దూరంలో బల్ల మీద పడున్న కీలని మేడ మీంచి ఫోటో తీసి, ఆ ఫోటోలోంచే కొలతలు రాబట్టి చూపించారు. నువ్వు దొంగలకి అంత శ్రమ కూడా లేకుండా చేశావు. కొన్ని కీల తల మీద చిన్న నంబరు చెక్కి ఉంటుంది, అది కూడా పనికొచ్చే గుట్టే. నీ పుస్తకంలో రాసుకో, బయట పెట్టకు.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తాను. కీకి కట్టిన బిళ్ళ మీద ఇంటి నంబరు, వీధి పేరు రాయకు, నీకు మాత్రమే అర్థమయ్యే గుర్తు రాయి. ఆ గుర్తుల పుస్తకమూ కీలూ ఒకే సంచిలో తిప్పకు. డూప్లికేట్ ఎప్పుడూ అసలు కీ ఇచ్చి కోయించు. డూప్లికేట్‌కి డూప్లికేట్ తీస్తూ పోతే ప్రతిసారీ కాస్త తేడా పేరుకుని, చివరికి తాళంలో ఇరుక్కునేది తయారవుతుంది. కొత్త తాళం బిగించాక తలుపు తెరిచి ఉంచే తిప్పి చూడు, మూసి చూడకు. మూసి చూసినవాళ్ళు మెట్ల మీద కూర్చుని తాళాలు తీసే మనిషి కోసం ఎదురుచూడటం నేను చూశాను.

ఇక మీ మావయ్య సంగతి. నువ్వు పుట్టకముందు మాట, మీ నాన్నకి కూడా పూర్తిగా తెలీదు.

మీ మావయ్య మనిషి బంగారం, తాళాల దగ్గర మాత్రం పరమ బద్ధకస్తుడు. మా చేతిలో ఇళ్ళు పెరిగే కొద్దీ ఏ కీ ఏ తలుపుదో వెతుక్కోవడం ఆయనకి విసుగైపోయింది. ఓ రోజు నన్ను అడక్కుండా, ఒకే మెట్లదారి మీదున్న వాటాలన్నిటికీ ఒకే కీతో తెరుచుకునే తాళాలు చేయించి బిగించేశాడు. కావాలని అడిగితే అలా చేసిస్తారు, అందులో మోసమేం లేదు. కొత్త తాళాలు కదా, అద్దెకున్నవాళ్ళూ సంతోషించారు. ఒకరి కీ ఇంకొకరి తలుపుకి పడుతుందన్న ముక్క మాత్రం ఎవరికీ చెప్పలేదు. జేబులో ఒక్క కీ వేసుకుని ఈల వేసుకుంటూ తిరిగాడు కొన్నాళ్ళు.

కరెంటు పోయిన ఓ రాత్రి పై అంతస్తు కుర్రాడు చీకట్లో మెట్ల లెక్క తప్పి ఒక అంతస్తు కిందే ఆగాడు. కీ పెట్టి తిప్పాడు, తిరిగింది. తన ఇల్లే అనుకుని లోపలికొచ్చి, తలుపు వేసి, గడియ కూడా పెట్టాడు. లోపల ఓ అమ్మాయి, అప్పటికి నీ ఈడుదే, పసిపిల్లని నిద్రపుచ్చుతోంది. భర్త ఊళ్ళో లేడు. ఆ అమ్మాయి పెట్టిన కేకకి ముందు భయపడి పారిపోయింది ఆ కుర్రాడే. వాడి తప్పేం లేదు. మర్నాడు పొద్దున్నే వచ్చి, తలెత్తకుండా, పది రకాలుగా క్షమించమన్నాడు.

ఆ రాత్రి మేం వెళ్ళేసరికి ఆ అమ్మాయి బీరువాని తలుపుకి అడ్డంగా లాగేసుకుంది. ఒక్కతే ఎలా లాగిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఏడవలేదు, అరవలేదు. “నా తలుపు ఇంకా ఎంతమంది తియ్యగలరండీ?” అని అడిగింది. అంతే.

మీ మావయ్య నా వంక చూశాడు. నేను గోడ వంక చూశాను.

ఆ మెట్ల మీదున్న అందరి దగ్గరా ఆ కీ ఉంది. వాళ్ళ చుట్టాలకిచ్చినవి, పనిమనుషులకిచ్చినవి, గోడలకి సున్నం వేసినవాళ్ళు రెండ్రోజులుంచుకున్నవి, ఎక్కడో పోయిందని చెప్పి మళ్ళీ చేయించుకున్నవి. లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలోనే ఆపేశాం. “ఏమీ పోలేదు కదమ్మా” అని ఆయన అనబోయి, ఆ అమ్మాయి మొహం చూసి మింగేశాడు. వాటాలన్నిటికీ వేరువేరు తాళాలు వేయించాం. అయినా ఆ అమ్మాయి ఉండలేదు, వారం తిరక్కుండా ఖాళీ చేసి పోయింది. వద్దని ఎలా అంటాం? ఆయన అటు తర్వాత ఈల వెయ్యలేదు. తాళాల పుస్తకం నా చేతికొచ్చింది అప్పుడే.

ఆ అమ్మాయి అడిగింది రేపు నిన్ను ఎవరైనా, ఏ అర్ధరాత్రయినా అడగొచ్చు. పుస్తకం తెరిచి జవాబు చెప్పగలగాలి. అందుకని ఇంటికో పేజీ అని కాదు, కీకో వరస పెట్టు. ఆ తలుపుకి మొత్తం ఎన్ని కీలున్నాయి, ఒక్కోటీ ఎవరి దగ్గరుంది, ఎప్పుడిచ్చావు, సంతకం, ఎప్పుడు తిరిగొచ్చింది. పంపులు బాగుచేసే అతనికి ఒక్క పూటకిచ్చినా రాయి, సాయంత్రం తిరిగి తీసుకో. మొహమాటపడకు. మొహమాటం నీకు మీ అమ్మ పోలిక.

ఖాళీ చేసినవాళ్ళు కీలన్నీ లెక్క ప్రకారం ఇచ్చేశారు, ఇంకెందుకు తాళం మార్చడం అని యజమానులు బేరం పెడతారు. ఇచ్చినవి ఇచ్చారు, చేయించుకున్నవి ఎవరికి తెలుసు? ‘డూప్లికేట్ చేయరాదు’ అని కీ మీద చెక్కించినా, కోసేవాడు కోసేస్తాడు. అద్దెకున్నవాళ్ళు మారిన ప్రతిసారీ తాళం మారాల్సిందే. అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోనైతే, కొత్తవాళ్ళొచ్చిన ఏడు రోజుల్లోగా యజమాని తన ఖర్చుతో మార్పించాలని చట్టమే ఉంది. మార్చడమంటే తాళం మొత్తం పీకి పారెయ్యడం కాదని వాళ్ళకి చెప్పు. సిలిండర్ తాళమైతే, అంటే కీ దూరే గొట్టం లాంటి భాగంలో చిన్న పిన్నులుండే రకమైతే, లోపలి పిన్నులు మారిస్తే చాలు, పాత కీ పనికిరాదు. కొన్నిటికి ఒక్క మర తిప్పితే సిలిండర్ బయటికొచ్చేస్తుంది, వేరేది దూర్చెయ్యొచ్చు. రెండు మూడు సిలిండర్లు అదనంగా దగ్గరుంచుకుని వంతులవారీగా తిప్పితే ఖర్చూ తగ్గుతుంది. కానీ ఒక వాటాలో తీసింది అదే భవనంలో ఇంకో వాటాకి వెయ్యకు. అలా వేస్తే మావయ్య కథ మళ్ళీ మొదలు.

ఇన్ని కీలు మోయలేక, ఎవరి కీ వాళ్ళకుంటూనే నీ ఒక్క కీ అన్ని తలుపులకీ పట్టే మాస్టర్ కీ వ్యవస్థ పెట్టుకుందామని నీకూ బుద్ధి పుడుతుంది. మీ నాన్న చెప్పాడులే, ఇప్పటికే ఎవరినో అడిగావట. కాస్త ఆగు. మామూలు తాళంలో ఒక్కో పిన్ను ఒక్క ఎత్తుకి లేస్తేనే తిరుగుతుంది. మాస్టర్ కీ పెట్టాలంటే పిన్నుల మధ్య చిన్న బిళ్ళ ముక్క చేర్చి, రెండు ఎత్తుల దగ్గరా తిరిగేలా చేస్తారు. అంటే ప్రతి తలుపులోనూ మాస్టర్ కీ రహస్యం దాగుంటుంది. అద్దెకున్నవాడు తన సొంత కీ, తన సొంత తలుపు, గాట్లు కొయ్యని కొన్ని ఖాళీ కీలు పెట్టుకుని, ఒక్కో గాటూ కోసి చూసుకుంటూ మొత్తం మాస్టర్ కీ తయారుచేసుకోవచ్చని మ్యాట్ బ్లేజ్ అనే పరిశోధకుడు 2003లో రాసి చూపించాడు. తాళాలవాళ్ళలో కొందరికి ఇది ముందే తెలుసు, బయటికి చెప్పలేదంతే. అది కాకపోయినా నీ సంచి పోయిందనుకో, ఒక్క తలుపు కాదు, అన్ని తలుపులూ మార్చాలి. గుత్తి బరువైతే బరువైంది, మొయ్యి. ఏ రోజు ఏ ఇంటికి వెళ్తావో ఆ ఇంటివే తీసుకెళ్ళు.

ఇక నా భయం ఒకటుంది. నవ్వినా సరే. లోపల వైపు నుంచి కూడా కీ పెడితేగాని తెరుచుకోని తాళాలంటే నాకు చచ్చేంత భయం. దొంగల భయంతో రాత్రి లోపల తాళం వేసి కీ దిండు కింద పెట్టుకునే వాళ్ళని, గ్రిల్ గేటుకి లోపల్నించి తాళంకప్ప వేసుకునే వాళ్ళని ఎంతమందిని చూశానో. నిప్పంటుకుంటే? పొగలో కళ్ళు కనపడవు, దిండేది, కీ ఏది? నీ చేతిలో ఉన్న ప్రతి ఇంటికీ ఈ వారమే వెళ్ళి చూడు. లోపల చేత్తో తిప్పే బుడిపె ఉండాలి, కీ రంధ్రం కాదు. మిగతావన్నీ నెమ్మదిగా చేసుకో, ఇది మాత్రం ఆగదు. ఇంకోటి కూడా చూడు. కొన్ని సిలిండర్లలో లోపల కీ వదిలేస్తే బయట్నించి ఇంకో కీ పనిచెయ్యదు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ ఇళ్ళకి రెండు వైపులా ఏకకాలంలో పనిచేసే రకం అడిగి వేయించు.

కీ నీ దగ్గరుంది కదా అని తలుపు తియ్యకు. ముందురోజే చెప్పి వెళ్ళు, చాలాచోట్ల ఇరవై నాలుగు గంటల ముందు చెప్పాలన్నది చట్టం కూడా. వెళ్ళాక గంట కొట్టి నిలబడు, పలక్కపోతే మళ్ళీ కొట్టు. నీళ్ళు కారుతున్నాయి, పొగ వస్తోంది అంటే అది వేరు. అద్దె కట్టలేదని తాళం మార్చెయ్యమనే యజమాని ఏదో ఒక రోజు నీకు తగులుతాడు. ఆ పని చెయ్యకు. చాలాచోట్ల అది చట్టవిరుద్ధం, నీ చేత్తో చేస్తే కేసు నీ మీదకే వస్తుంది. కాదన్నావని ఆ యజమాని వెళ్ళిపోతే పోనీ.

నంబరు నొక్కే తాళాలు నాకు నచ్చుతాయి, మీ నాన్న అనుకున్నంత పాతకాలపు మనిషిని కాను. మనిషికో నంబరు ఇవ్వొచ్చు, వెళ్ళిపోగానే ఆ ఒక్కటి తీసెయ్యొచ్చు. బ్యాటరీలు మాత్రం అది కూత పెట్టేదాకా చూడకుండా ఇల్లు చేతులు మారినప్పుడల్లా మార్చు. ఎవరు ఎన్ని గంటలకి వచ్చారో, ఎన్ని గంటలకి వెళ్ళారో అది నీకు చూపిస్తుంది. చూడకు. వాళ్ళ రాకపోకలు నీకు అక్కర్లేదు.

తాళం తిరగట్లేదని ఫోన్ వస్తే వెంటనే తాళాన్ని తిట్టకు. తలుపుని కాస్త పైకెత్తి పట్టి తిప్పి చూడు. తిరిగిందంటే తాళం బాగానే ఉంది, బందులు సడలి తలుపు వాలిందన్నమాట. మరలు బిగించుకుంటే సరిపోతుంది. వంటనూనె మాత్రం పొయ్యనివ్వకు, దుమ్ము పట్టి ముద్దకడుతుంది. గ్రాఫైట్ పొడి చాలు.

ఖాళీ ఇంటికి ఒక్కదానివే వెళ్ళినప్పుడు కీ బయట రంధ్రంలో వేలాడదీసి లోపలికి పోకు. ఎవడో వచ్చి తిప్పుకుపోతే నువ్వు లోపలే. తీసి చేతిలో పట్టుకో, ఏ ఇంటికి వెళ్తున్నావో నాకు ఒక ముక్క పంపించు. నేను అర్ధరాత్రి కూడా మెలకువగానే ఉంటాను, ఈ వయసులో నిద్రెక్కడిది.

మొదట వేయించాల్సిన సిలిండర్ల డబ్బు నేను పంపుతున్నాను. అప్పు కాదు, మీ నాన్నకి చెప్పకు. ఎన్ని తలుపులో లెక్క రాసి పంపు, బుడిపె లేని తలుపులు వేరుగా రాయి.

మీ అత్త