టెక్ సందేహాలు: సైబర్ సెక్యూరిటీ సీటు, పెన్‌డ్రైవ్‌లో దొంగ

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరు మారిపోతుంది. ఫోను వేడెక్కుతోంది, ప్రింటరు కదలడం లేదు అన్న ఫిర్యాదులు వెనక్కి పోయి, విజయవాడ, గుంటూరుల నుంచి సైబర్ సెక్యూరిటీ చదువు గురించిన ప్రశ్నలు వచ్చి పడతాయి. ఏటా వస్తున్నవే. అందుకే ఈ వారం చోటంతా వాటికే ఇస్తున్నాను. ఫోన్ల వాళ్ళు ఓపిక పట్టాలి.

మా అబ్బాయికి ఈఏపీసెట్‌లో ఓ మాదిరి ర్యాంకు వచ్చింది. ఒక కాలేజీలో మామూలు సీఎస్‌ఈ, ఇంకో కాలేజీలో సీఎస్‌ఈ సైబర్ సెక్యూరిటీ దొరికేలా ఉన్నాయి. వెబ్ ఆప్షన్లలో దేన్ని ముందు పెట్టమంటారు? రెండోదానికి జీతాలు ఎక్కువని బంధువులు చెబుతున్నారు. – ఒక తండ్రి, పటమట, విజయవాడ

కాలేజీని చూసి పెట్టండి. బ్రాంచి పేరు పక్కన కుండలీకరణాల్లో ఉన్న మాటను చూసి పెట్టకండి. మొదటి రెండేళ్ళు రెండు బ్రాంచిల వాళ్ళూ చదివేది దాదాపు ఒకటే. తేడా అంతా తర్వాత వచ్చే కొన్ని సబ్జెక్టుల్లో ఉంటుంది. వాటిని చెప్పగలిగిన అధ్యాపకుడు లేకపోతే ఆ తేడా మార్కుల జాబితాకే పరిమితం. సీటు తీసుకునే ముందు ఒకసారి కాలేజీకి వెళ్ళి రెండు ప్రశ్నలు అడగండి. ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్, క్రిప్టోగ్రఫీ ఎవరు చెబుతారు? పిల్లలు పగలగొట్టి చూసుకోవడానికి బయటి నెట్‌తో సంబంధం లేని విడి ల్యాబ్ ఉందా? రెండో ప్రశ్నకు ఏసీ గది, పెద్ద తెర చూపించి మాట దాటేస్తే మీకు జవాబు దొరికినట్టే.

మీ వాడికి ‘సి’ భాష, మెమరీ, పాయింటర్లు చచ్చేంత విసుగు పుట్టించవచ్చు. అయినా వాటిని గైడు చూసి బట్టీ పట్టనివ్వకండి. 2014లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపాన్నే తీసుకోండి. సమాచారాన్ని రహస్యంగా చేరవేయడానికి లెక్కలేనన్ని వెబ్‌సైట్లు నమ్ముకున్న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే కోడ్ లైబ్రరీలో జరిగిన పొరపాటు ఒక్కటే. ‘నేను ఇన్ని అక్షరాలు పంపాను, తిరిగి పంపు’ అని అవతలివాడు అంటే, నిజంగా అన్ని పంపాడా అని సరిచూడలేదు. దాంతో సర్వరు మెమరీలో పక్కన ఉన్నదంతా ఒక్కో విడతకు 64 కిలోబైట్ల దాకా అపరిచితుడి చేతిలో పెట్టేసేది. ఈ వాక్యం చదివి ‘అలా ఎలా కుదిరింది’ అని కూర్చుని ఆరా తీసేవాడికి ఈ రంగం పనికొస్తుంది. బ్రాంచి ఏదైనా సరే.

ఇక జీతాల మాట. చేరిన కొత్తలో చాలామందికి దొరికేది సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్‌లో షిఫ్టు ఉద్యోగం. రాత్రంతా తెర మీద వచ్చే హెచ్చరికల్లో ఏది ఉత్తుత్తిది, ఏది నిజం అని వేరు చేయాలి. సైబర్ దాడి తెలిసిన 6 గంటల్లోపు తమకు చెప్పాలనీ, లాగ్‌లను, అంటే కంప్యూటర్లలో ఏం జరిగిందో నమోదయ్యే చిట్టాలను, 180 రోజులు దాచి ఉంచాలనీ కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లో ఆదేశించింది. కాబట్టి రాత్రి కాపలా తప్పదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం భద్రతలో అలసత్వానికి రూ.250 కోట్ల దాకా జరిమానా పెట్టింది కనుక కంపెనీలకు మనుషుల అవసరం పెరుగుతుంది. అయితే ఆ పనిలో పెద్ద భాగం అప్‌డేట్లు వేయించడమే. 2017 మే నెలలో ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వచ్చి ఆసుపత్రులనూ ఫ్యాక్టరీలనూ స్తంభింపజేసింది, మన రాష్ట్రంలో కొన్ని పోలీసు కంప్యూటర్లనూ వదల్లేదు. దానికి విరుగుడు అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. వేసుకున్నవాళ్ళు బయటపడ్డారు.

మామూలు సీఎస్‌ఈ చేసినవాడికి దారి మూసుకుపోదు. గేట్ రాసి ఎంటెక్‌కు వెళ్ళవచ్చు. కేంద్ర ప్రభుత్వ కంప్యూటింగ్ సంస్థ సీడాక్ ప్రవేశ పరీక్ష రాసి అక్కడ భద్రత మీద ఉన్న పీజీ డిప్లొమా చేయవచ్చు.

బ్రాడీపేటలో హాస్టల్లో ఉంటూ ఎథికల్ హ్యాకింగ్ కోర్సు నేర్చుకుంటున్నాను. ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు పెన్‌డ్రైవ్‌లో టూల్స్ ఇచ్చి, యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేసుకోమన్నారు. వారం తిరగకుండా నా మెయిల్, ఇన్‌స్టాగ్రామ్ రెండూ పోయాయి. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకున్నా ఓటీపీ కూడా రాలేదు. ఇంటికి వెళ్ళినప్పుడు నాన్నగారు ఇదే ల్యాప్‌టాప్‌లో కొట్టు జీఎస్టీ రిటర్నులు వేస్తారు. ఏమైనా ప్రమాదమా? – ఒక విద్యార్థి, గుంటూరు

ప్రమాదమే. ఈ పేరా చదివి ముగించేలోపు ఆ ల్యాప్‌టాప్‌ను నెట్ నుంచి తప్పించండి.

మీకు ఇచ్చినట్టు పెన్‌డ్రైవ్‌లలో తిరిగే క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌లో, అంటే లైసెన్సు తాళం పగలగొట్టిన దొంగ కాపీల్లో, దాక్కుని వచ్చేవాటిలో నన్ను ఎక్కువగా భయపెట్టేవి ఇన్ఫోస్టీలర్లు. వీటివల్ల కంప్యూటర్ నెమ్మదించదు, తెర మీద బెదిరింపూ రాదు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు, కార్డు వివరాలు, కుకీలు మూటగట్టి పంపేస్తాయి. కొన్ని ఆ తర్వాత తమను తామే చెరిపేసుకుంటాయి. మీరు మర్నాడు యాంటీవైరస్ నడిపితే ఏమీ లేదని చూపిస్తుంది. మీరు నిశ్చింతగా నిద్రపోతారు.

ఓటీపీ ఎందుకు రాలేదంటే, దొంగ మీ ఖాతాలోకి కొత్తగా లాగిన్ కాలేదు. మీరు ఒకసారి లాగిన్ అయ్యాక వెబ్‌సైట్ మీ బ్రౌజర్‌కు ఒక కుకీ ఇస్తుంది. సినిమా హాల్లో విరామంలో బయటికి వెళ్ళేవాడికి గేటు దగ్గర ఇచ్చే పాసు లాంటిది అది. పాసు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు లోపలికి పోతారు, టిక్కెట్టు ఎవరూ అడగరు. మీ కుకీని వాడు తన బ్రౌజర్‌లో పెట్టుకున్నాడు. మీ పాస్‌వర్డ్ ఎంత పొడవుదైనా, ఓటీపీ ఎంత పకడ్బందీగా ఉన్నా ఇక్కడ అక్కరకు రావు.

ఇప్పుడు చేయవలసిన పనులకు ఒక వరుస ఉంది. అది తప్పితే శ్రమంతా వృథా. ముందుగా, ఈ పెన్‌డ్రైవ్ తగలని వేరే కంప్యూటర్ నుంచో ఫోను నుంచో మెయిల్ ఖాతాను తిరిగి రాబట్టుకోండి. మిగతా అన్నింటి పాస్‌వర్డులు మార్చుకునే లింకులూ ఆ మెయిల్‌కే వస్తాయి కనుక అదే మొదటిది. పాస్‌వర్డ్ మార్చాక, అన్ని పరికరాల నుంచి లాగౌట్ చేసే ఆదేశం సెట్టింగుల్లో ఉంటుంది, దాన్ని నొక్కండి. అలా చేయకపోతే పాత కుకీ కొన్నిచోట్ల ఇంకా పనిచేస్తూనే ఉండవచ్చు. రికవరీ ఫోను నంబరు, ఫార్వర్డింగ్ చిరునామా వాడు మార్చాడేమో చూడండి. తర్వాత నాన్నగారి బ్యాంకు, జీఎస్టీ పాస్‌వర్డులు. డబ్బు ఒక్క రూపాయి కదిలినా ఆలోచించకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కు ఫోన్ చేయండి. అక్కడ ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. ఇవన్నీ అయ్యాక ల్యాప్‌టాప్‌ను పూర్తిగా తుడిచి ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తగా వేయండి. ఫొటోలు, నోట్సు తీసి పెట్టుకోండి కానీ ఇన్‌స్టాలర్ ఫైళ్ళు ఒక్కటి కూడా వెనక్కి తెచ్చుకోకండి. పెన్‌డ్రైవ్‌ను మరో స్నేహితుడికి ఇవ్వకండి.

నా కోపం మీ మీద కాదు. యాంటీవైరస్ ఆపమన్నవాళ్ళ మాటలో సగం నిజముంది, ప్రమాదమంతా ఆ సగంలోనే ఉంది. నిజమైన భద్రతా పరికరాలను కూడా యాంటీవైరస్ కొన్నిసార్లు అనుమానిస్తుంది. దానికి పరిష్కారం వర్చువల్ మెషిన్, అంటే కంప్యూటర్ లోపలే విడిగా నడిచే ఉత్తుత్తి కంప్యూటర్, పెట్టుకుని, దాన్ని విడి నెట్‌వర్క్‌లో ఉంచి అందులో నేర్చుకోవడం. ఇంటి లెక్కలున్న కంప్యూటర్ తలుపులు తీసి పెట్టడం కాదు. పైగా దొంగ కాపీ అవసరమే లేదు! కాలీ లైనక్స్ ఉచితం. వైర్‌షార్క్, ఎన్‌మ్యాప్ ఉచితం. బర్ప్ సూట్‌కు ఉచిత కూర్పు ఉంది. సొంత వెబ్‌సైట్ల నుంచి దించుకుని, ఫైలును ఎవరూ మార్చలేదని తేల్చే వేలిముద్ర లాంటి షా-256 విలువ అక్కడ ఇస్తారు, దానితో సరిపోల్చుకోవడం ఈ చదువులో మొదటి ల్యాబ్ కావాలి. ఉచితంగా దొరికేదాన్ని దొంగ మూట కట్టి, ఫీజు తీసుకుని, చేతికిచ్చేవాళ్ళు భద్రత నేర్పుతున్నారట! ఆ ఫీజు వెనక్కి అడగండి.

బీటెక్ రెండో ఏడాది చదువుతున్నాను. మా కాలేజీ పోర్టల్‌లో నా మార్కులు చూస్తున్నప్పుడు అడ్రస్ బార్‌లో చివరి అంకె మారిస్తే వేరే అమ్మాయి మార్కులు, ఫోను నంబరు కనిపించాయి. చెబితే బహుమతి ఇస్తారా? లేక నన్నే అంటారా? – ఒక విద్యార్థిని, విజయవాడ

బహుమతి ఆశ వదులుకోమ్మా. మిమ్మల్నే అనే అవకాశం మాత్రం ఉంది. మీరు చూసింది అరుదైన లోపం కాదు. వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2021లో ఇచ్చిన ముఖ్య లోపాల జాబితాలో మొదటి స్థానంలో ఉన్నది ఇదే కోవ, ఎవరికి ఏది చూపాలో సరిచూడకపోవడం. లోపం కనిపించాక ఇంకా ఎంతమందివి వస్తాయో చూద్దామని స్క్రిప్టు రాసి నడిపితే కథ మారుతుంది. ఐటీ చట్టం 2000లో సెక్షన్ 43 ప్రకారం అనుమతి లేకుండా చొరబడటం, డేటా దించుకోవడం రెండూ తప్పు. దురుద్దేశంతో చేస్తే సెక్షన్ 66 కింద 3 ఏళ్ళ దాకా జైలు, రూ.5 లక్షల దాకా జరిమానా. ఒక్కసారి కనిపించిన దానితో ఆపేయండి. తేదీ, సమయం, చేసిన పని రాసుకుని, అవతలి అమ్మాయి వివరాలు చెరిపేసిన స్క్రీన్‌షాట్‌తో ప్రిన్సిపాల్‌కు మెయిల్ పంపండి. నోటిమాటగా చెప్పకండి. కదలిక లేకపోతే సెర్ట్-ఇన్‌కు రాయవచ్చు, ఇలాంటి లోపాల సమాచారం వాళ్ళు తీసుకుంటారు.

కానీ నన్ను కుదురుగా ఉండనివ్వనిది వేరే ఉంది. సైబర్ సెక్యూరిటీ బ్రాంచి పెట్టి సీట్లు అమ్ముకుంటున్న కాలేజీల్లోనే విద్యార్థి పోర్టల్‌కు యూజర్‌నేమ్ హాల్ టికెట్ నంబరు, పాస్‌వర్డ్ పుట్టిన తేదీ! హాల్ టికెట్ నంబర్లు వరసగా ఉంటాయి. పుట్టిన తేదీ వాట్సాప్ గ్రూపులో కేకు ఫొటోతో సహా ఉంటుంది. ఫలితాల మర్నాడు పత్రికల మొదటి పేజీలు, బెంజి సర్కిల్ ఫ్లెక్సీలు చూడండి: పిల్లవాడి ముఖం, పేరు, ర్యాంకు, ఆ కింద హాల్ టికెట్ నంబరు. ఆధార్ నకలు క్లాసు గ్రూపులో పెట్టమంటారు. అరవై మంది ఆధార్లు అరవై ఫోన్లలో నిలవ ఉంటాయి. కౌన్సెలింగ్ వేళ నెట్ సెంటర్ ముందు తల్లిదండ్రులు బారులు తీరి, పాస్‌వర్డ్ కాగితం మీద రాసిచ్చి, ఓటీపీ గట్టిగా చదివి వినిపిస్తారు. ఆప్షన్లు ఎవరో మార్చేశారని తర్వాత నాకు ఉత్తరం రాస్తారు. ఆ పోర్టల్ కట్టినవాళ్ళు మొదటి లాగిన్‌లోనే పాస్‌వర్డ్ మార్చక తప్పని ఏర్పాటు చేస్తే ఎంత ఖర్చవుతుంది? ఒక పూట పని. పిల్లలకు భద్రత పాఠం చెప్పే గదికీ పోర్టల్ నడిపే గదికీ మధ్య ఒక వరండా ఉంటుంది, అంతే. ఆ వరండా దాటి ఎవరూ నడవడం లేదు.

ఈ చదువుకు ఎలాంటి ల్యాప్‌టాప్ కొనాలి? – ఇద్దరు ముగ్గురు అడిగారు

16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, తర్వాత ర్యామ్ పెంచుకునే వీలు. గ్రాఫిక్స్ కార్డుతో, రంగుల దీపాలతో, మూడు కేజీల బరువుతో వచ్చే గేమింగ్ యంత్రం వద్దు. దానికి పెట్టే అదనపు డబ్బు భద్రత చదువులో పెద్దగా కలిసి రాదు. బస్సులో మోయడం మాత్రం రోజూ తప్పదు.

45 రోజుల్లో సీఐఎస్‌ఎస్‌పీ సర్టిఫికెట్, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. డిగ్రీ ఈ ఏడాదే అయింది. చేరమంటారా? – అరండల్‌పేట, గుంటూరు

వద్దు. సీఐఎస్‌ఎస్‌పీ భద్రతా రంగంలో అనుభవజ్ఞులకు ఇచ్చే సర్టిఫికెట్, దానికి ఈ రంగంలో 5 ఏళ్ళ అనుభవం కావాలి. డిగ్రీ ఉంటే ఒక ఏడాది తగ్గిస్తారు. ఇప్పుడు పరీక్ష నెగ్గినా మీకు వచ్చేది అసోసియేట్ హోదాయే. ఆ సంగతి మీకు చెప్పలేదంటే తెలియకనో, తెలిసో. రెండూ మీకు నష్టమే. ఆ డబ్బు దాచుకుని ఐఐటీల అధ్యాపకులు ఆన్‌లైన్‌లో చెప్పే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు వినండి, వినడానికి రుసుము లేదు. పోర్ట్‌స్విగ్గర్ వెబ్ సెక్యూరిటీ అకాడమీలో ఉచిత ల్యాబులు ఉన్నాయి. ఒక్కో ల్యాబ్ ఎలా ఛేదించారో మీ మాటల్లో రాసుకుంటూ పోతే ఇంటర్వ్యూలో చూపించడానికి ఒక పుస్తకం తయారవుతుంది.

మీ ఉత్తరం చివర ‘అది కుదరకపోతే కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగం ఇప్పిస్తామంటున్నారు’ అని రాశారు. ఆ వాక్యం ముందు రాయవలసింది. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన వ్యవహారం ఇదే: ఉద్యోగమని తీసుకెళ్ళి, పాస్‌పోర్టు లాక్కుని, మనవాళ్ళ చేతనే మనవాళ్ళకు మోసపు ఫోన్లు చేయించారు. ఆ ఏజెంటు పేరు కేంద్రం వారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదై ఉందో లేదో ఈ రోజే చూడండి. లేకపోతే ఆ ఏజెంటు ఫోను నంబరు పోలీసులకు ఇవ్వండి.