సముద్ర పరిశోధన సంస్థలు తమ డేటాను అందరితో ఎందుకు పంచుకుంటాయి?

సముద్రాన్ని ఏ ఒక్క సంస్థా ఒంటరిగా కొలవలేదు కాబట్టి. సముద్రాలను కలిసి కొలిచే అంతర్జాతీయ కార్యక్రమం ఆర్గో సంగతే చూడండి. దాదాపు 30 దేశాల సంస్థలు వదిలిన సుమారు 4,000 ఫ్లోట్లు, అంటే నీటిలో తేలుతూ కొలతలు తీసే పరికరాలు, సముద్రాల్లో తిరుగుతున్నాయి. దాదాపు మనిషెత్తు గొట్టంలా ఉండే ఫ్లోటు 1,000 మీటర్ల లోతున కొట్టుకుపోతూ, పది రోజులకోసారి 2,000 మీటర్లకు దిగి, పైకొస్తూ దారంతా ఉష్ణోగ్రత, ఉప్పు శాతం కొలిచి ఉపగ్రహం ద్వారా పంపుతుంది.

ఇందులో చేరితే డేటా దాచుకోకూడదు. నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. సాధారణంగా 24 గంటల్లోపే అందరికీ ఉచితంగా, ఒకే ఫార్మాట్‌లో ఇవ్వాలి. నిపుణులు సరిచూసిన డేటా తర్వాత వస్తుంది.

మన దేశం తరఫున ఈ పని హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చూస్తుంది. బంగాళాఖాతంలో తుపాను ఎంత బలపడుతుందో అంచనా వేయాలంటే నీటి పైపొర వేడి ఒక్కటే చాలదు, లోపలి వేడీ తెలియాలి. అప్పుడు వేరే దేశం వదిలిన ఫ్లోటు కూడా మనకు అక్కరకొస్తుంది.