హాస్పిస్ మంచిదో కాదో తెలుసుకోవాలంటే నొప్పి సంగతి అడగండి

మీ ప్రశ్న చదివాను. మీ నాన్నగారికి ఊపిరితిత్తుల క్యాన్సర్, ఇక మందులు పనిచేయవని చెప్పి పెద్దాసుపత్రి వాళ్ళు ఇంటికి పంపేశారు. చివరి రోజుల్లో మేం చూసుకుంటామని విశాఖలో ఒక హాస్పిస్ (నయంకాని జబ్బు మనుషుల్ని చివరిదాకా చూసుకునే చోటు) వాళ్ళు, ఇంటికే మనుషుల్ని పంపుతామని ఇంకొకళ్ళు అంటున్నారు, ఎవరు మంచివాళ్ళో ఎలా తెలుసుకోవాలి అని అడిగారు. నరసన్నపేట దగ్గర మా ఊళ్ళో మా పెద్దమ్మని చివరిదాకా ఇంట్లోనే చూసుకున్నాం కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. గది చూడొద్దు, ఏసీ చూడొద్దు, కరపత్రం మీద నవ్వుతున్న ముసలివాళ్ళ ఫొటోలు అసలే చూడొద్దు. రాత్రి రెండు గంటలకి మనిషి నొప్పితో మెలికలు తిరిగిపోతుంటే మీరేం చేస్తారు అని అడగండి. దీనికి తడుముకోకుండా జవాబు చెప్పారంటే మిగతా విషయాలు మాట్లాడొచ్చు. నీళ్ళు నమిలితే లేచి వచ్చేయండి.

మా పెద్దమ్మకి అడ్డపొగ అలవాటు. మన శ్రీకాకుళం జిల్లాలో సముద్రం వైపు పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్ళ సంగతి మీకు తెలిసే ఉంటుంది, చుట్ట వెలిగించి నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీలుస్తారు. ఆ వేడికి, పొగకి అంగిట్లో పుండు పడుతుంది, కొందరికి అదే క్యాన్సరవుతుంది. ఉత్తరాంధ్ర అంగిలి క్యాన్సర్ గురించి డాక్టర్లు 1960ల నుంచీ పరిశోధనలు చేసి రాస్తూనే ఉన్నారు, చుట్టలు మాత్రం సంతలో కట్టలు కట్టి ఇప్పటికీ అమ్ముతూనే ఉన్నారు. సిగరెట్ పెట్టె మీద కుళ్ళిపోయిన నోటి బొమ్మ వేస్తారు కదా, చుట్టల కట్ట మీద అలాంటి బొమ్మ నేనైతే మా సంతలో ఎప్పుడూ చూడలేదు. సరే, అది వేరే బాధ.

రేడియేషన్ ఇచ్చారు, కొన్నాళ్ళు బాగానే ఉంది, మళ్ళీ లేచింది. ఈసారి గడ్డ చెంపలోంచి బయటికి పగిలింది. అప్పుడు అన్నారు, "ఇంక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళిపోండి" అని. ఈ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. జబ్బు నయం చేయలేకపోవచ్చు, కానీ నొప్పి తగ్గించొచ్చు, వాసన తగ్గించొచ్చు, నిద్ర పట్టించొచ్చు, ఇంట్లోవాళ్ళకి ధైర్యం చెప్పొచ్చు. సిసిలీ సాండర్స్ అని ఒకావిడ, ముందు నర్సుగా పనిచేసి తర్వాత డాక్టరయింది, 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ పెట్టింది ఇలా వదిలేసినవాళ్ళ కోసమే. మన దేశంలో ముంబైలో శాంతి అవేదన అనే హాస్పిస్ 1986లో మొదలైంది. కేరళలో 1993లో కోళికోడ్‌లో మొదలైన ఇలాంటి పని ఊళ్ళకి పాకి, 2008కల్లా అక్కడి ప్రభుత్వం దీనికోసం ఒక పాలసీయే తెచ్చింది, పంచాయతీ తరఫున నర్సు మంచం దగ్గరికి వస్తుంది. మనమేమో రైలెక్కి విశాఖో హైదరాబాదో పోవాలి. ఉద్దానం నుంచి ఒక మంచం పట్టిన మనిషిని విశాఖ తీసుకెళ్ళడమంటే ఏమిటో తీసుకెళ్ళినవాళ్ళకే తెలుసు.

మేం మొదట పెట్టుకున్నది విశాఖ నుంచి మనుషుల్ని పంపే ఒక ఏజెన్సీ. పేరు చెప్పను. నెల డబ్బు ముందే కట్టించుకున్నారు. నర్సు అని చెప్పి ఒక అమ్మాయిని పంపారు, తెల్ల యూనిఫాం, మెడలో కార్డు. పాపం ఆ అమ్మాయి మంచిదే, కానీ నర్సింగ్ చదవలేదు. పూటపూటా బీపీ, షుగర్, ఆక్సిజన్ చూసి రిజిస్టర్‌లో రాసేది. పెద్దమ్మ రాత్రంతా చెంప పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊగుతూ కూర్చుంటే ఆ సంగతి రాయడానికి రిజిస్టర్‌లో గడే లేదు. సూపర్‌వైజర్‌కి ఫోన్ చేస్తే, "పొద్దున్న డాక్టర్ గారితో మాట్లాడిస్తాం సార్, అప్పటిదాకా పారాసెటమాల్ ఇవ్వండి" అనేవాడు. క్యాన్సర్ ఎముక కొరుకుతుంటే పారాసెటమాల్! మా ఊరి ఆర్ఎంపీ వచ్చి ఒక ఇంజెక్షన్ పొడిస్తే రెండు మూడు గంటలు కునుకు పట్టేది, అంతే.

తర్వాత తెలిసినవాళ్ళ ద్వారా ఒక ధర్మసంస్థ వాళ్ళు వచ్చారు, ఒక డాక్టరు, ఒక నర్సు, జీపులో. ఆ రోజు నేను చూసింది చెబుతాను, ఎందుకంటే మంచి మనుషులు ఎలా పనిచేస్తారో నాకు అర్థమైంది అప్పుడే. ఆ నర్సు రాగానే బీపీ మిషన్ తీయలేదు. నులకమంచం పక్కన కింద చాప మీద కూర్చుని పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది. నోరు సరిగ్గా తెరుచుకోదు కాబట్టి పెద్దమ్మ మాట మాకే సగం అర్థమయ్యేది కాదు. "మాటలొద్దులే అమ్మా, నొప్పి పదికి ఎంతుందో వేళ్ళతో చూపించు" అంది. పెద్దమ్మ రెండు చేతులూ ఎత్తి పది వేళ్ళూ చూపించింది. అప్పటిదాకా ఆ ప్రశ్న ఆమెని ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత కట్టు విప్పింది. గదిలో వాసన ఎంత ఉండేదంటే మేం అగరొత్తులు వెలిగించి, కిటికీలు తీసి పెట్టినా భోజనాలు వీధి అరుగు మీదే చేసేవాళ్ళం. "పిల్లల్ని ఇటు రానీడం లేదమ్మా, వాసనకి వాంతులు సేసుకుంతన్నారు" అంది మా వదిన, తలుపు దగ్గరే నిలబడి. నర్సు ఏమీ అనలేదు. రెండు స్టీలు స్పూన్లు తెమ్మంది. మెట్రోనిడజోల్ బిళ్ళలు, అవే విరేచనాలకి మనందరం వాడేవి, రెండు స్పూన్ల మధ్య పెట్టి మెత్తగా నలిపింది. ఉప్పునీళ్ళు కాచి చల్లార్చి వాటితో పుండు కడిగి, ఆ పొడి పలచగా చల్లి గాజుగుడ్డ వేసింది. రెండోసారి మా వదిన చేతే చేయించి, తను చూస్తూ కూర్చుంది. వారం తిరక్కుండా వాసన బాగా తగ్గిపోయింది. మనవరాలు మళ్ళీ మంచం మీదికెక్కి పెద్దమ్మ పక్కన పడుకుంది. ఇందులో ఖరీదైనది ఏముంది చెప్పండి? నెల డబ్బు ముందే కట్టించుకున్నవాళ్ళకి ఈ బిళ్ళ సంగతి తెలియదా?

ఇక మార్ఫిన్. డాక్టరు ఆ పేరు చెప్పగానే మా బాబాయి లేచి నిలబడిపోయాడు. "అది మత్తుమందు కదేటి బాబూ, తొందరగా పంపేద్దామనా?" అన్నాడు. ఆ డాక్టరు విసుక్కోకుండా చెప్పాడు. నొప్పికి తగ్గట్టు చిన్న మోతాదుతో మొదలుపెట్టి చూసుకుంటూ పెంచితే ఊపిరి ఆగిపోవడం, వ్యసనం అయిపోవడం అన్న భయం అక్కర్లేదు, మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటుంది, కొందరికి వాంతి వస్తుంది, అవి తగ్గిపోతాయి, మలబద్ధకం మాత్రం తగ్గదు కాబట్టి విరేచనం మందు రోజూ తోడు ఉండాల్సిందే అని. నాలుగు గంటలకొకసారి బిళ్ళ, మధ్యలో నొప్పి లేస్తే అదనంగా ఎంత వేయాలో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించాడు. కొన్ని రోజులకి పెద్దమ్మ మూడు వేళ్ళు చూపించింది.

ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను: నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ చేతిలో లేని సంస్థ క్యాన్సర్ మనిషికి హాస్పిస్ కానే కాదు, అది మంచాలు అద్దెకిచ్చే ఇల్లు. దొరకదండీ, చట్టం ఒప్పుకోదండీ అని ఎవరైనా అంటే నమ్మకండి. 1985 నాటి మత్తుమందుల చట్టం వల్ల చాలా ఏళ్ళు నిజంగానే దొరక్క రోగులు నరకం చూశారు. కేరళ డాక్టర్ రాజగోపాల్ లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే 2014లో ఆ చట్టాన్ని సవరించారు. మార్ఫిన్‌తో సహా అత్యవసరమైన కొన్ని మందులకి ఇప్పుడు గుర్తింపు పొందిన వైద్య సంస్థ అయితే చాలు, పది లైసెన్సుల కోసం తిరగక్కర్లేదు. కాబట్టి "మీకు ఆ గుర్తింపు ఉందా, స్టాకు ఇప్పుడు మీ దగ్గర ఉందా" అని సూటిగా అడగండి. ఇది చాలా చవకైన మందు, అందుకే దీని గురించి ఎవరూ ప్రచారం చేయరని నా నమ్మకం.

ఇంకో చిన్న గుర్తు. చివర్లో పెద్దమ్మకి ముక్కులోంచి ట్యూబు వేశారు. బిళ్ళ నలిపి నీళ్ళలో కలిపి వేయాలి. ఆ నర్సు ప్రతిసారీ స్ట్రిప్ తిప్పి చూసేది, నెమ్మదిగా కరిగే రకం బిళ్ళ అయితే నలపకూడదు, నలిపితే మందంతా ఒక్కసారే ఒంట్లోకి పోతుంది అని మాకు చూపించి చెప్పింది. ఖాళీ స్ట్రిప్పులు లెక్కపెట్టి తీసుకున్నాకే కొత్తవి ఇచ్చేది. మా బాబాయికి అది అవమానంగా అనిపించింది గానీ, నాకు మాత్రం లెక్క అడిగేవాళ్ళ మీదే నమ్మకం. పెద్దమ్మ పోయాక మిగిలిన బిళ్ళలు కూడా అడిగి తీసుకెళ్ళారు.

మీ నాన్నగారిది ఊపిరితిత్తుల జబ్బు కాబట్టి ఆయాసం గురించి కూడా అడగండి. ఆయాసానికి కూడా తక్కువ మోతాదు మార్ఫిన్ ఇస్తారు, ముఖం మీదికి చిన్న ఫ్యాను గాలి తగిలేలా పెట్టమంటారు, వీపు ఎత్తుగా పెట్టి కూర్చోబెడతారు. ఇవేవీ చెప్పకుండా ఆక్సిజన్ సిలిండర్ అద్దె గురించే మాట్లాడుతుంటే నాకైతే అనుమానమే. అలాగే పలాస, కవిటి వైపు కిడ్నీ జబ్బుతో చివరికొచ్చినవాళ్ళ ఇళ్ళలో ఎవరైనా ఇది చదువుతుంటే, మీకూ ఈ సేవ అవసరమే, ఇదేమీ క్యాన్సర్‌వాళ్ళకి మాత్రమే కాదు. కాకపోతే కిడ్నీ పనిచేయనివాళ్ళకి మార్ఫిన్ ఒంట్లో పేరుకుపోతుంది, అలాంటప్పుడు ఏ మందు మారుస్తారు అని ముందే అడగండి. ఆలోచించి చెప్పేవాళ్ళ దగ్గరికే వెళ్ళండి.

సెలైన్ గురించి కూడా చెప్పాలి. తిండి మానేసిన మనిషికి సెలైన్ ఎక్కించకపోతే ఊళ్ళో అందరూ మనల్ని ఆకలితో చంపినవాళ్ళని చూసినట్టు చూస్తారు. చుట్టాలు హార్లిక్స్ డబ్బా పట్టుకొచ్చి, "ఒక బాటిలు పెట్టించకపోయారా" అని వెళ్ళిపోతారు. ఆఖరి రోజుల్లో ఒళ్ళు ఆ నీళ్ళని తీసుకోలేదు, కాళ్ళూ చేతులూ ఉబ్బుతాయి, గొంతులో గుర్రుగుర్రు ఎక్కువవుతుంది. మా దగ్గరికొచ్చిన డాక్టరు మా చుట్టాలందరినీ అరుగు మీద కూర్చోబెట్టి ఈ ముక్క తనే చెప్పాడు, ఆ మాటల భారం మా వదిన మీద పడకుండా. తడి దూదితో పెదాలు తుడవండి, గంటకోసారి నోరు తడపండి, రెండేసి గంటలకి పక్క మార్చండి, అది చాలు అన్నాడు. ఇంట్లోవాళ్ళ కోసం ఇలా మాట్లాడతారా లేదా అన్నది కూడా చూడండి.

ఇంకొకటి, మీ నాన్నగారికి ఏం కావాలో ఆయన్నే అడిగేవాళ్ళని వెతకండి. వెంటిలేటర్ వద్దనుకునే హక్కు మనిషికుంది, గౌరవంగా చనిపోవడం కూడా జీవించే హక్కులో భాగమేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది, చివర్లో ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టుకునే పద్ధతిని 2023లో కాస్త సులువు చేసింది. మన ఇళ్ళలో మాత్రం "ఆయనకి తెలియనీయకండి" అని డాక్టరుకి సైగలు చేస్తాం. మా పెద్దమ్మకి అన్నీ తెలుసు. ఆ నర్సు ఒంటరిగా కూర్చుని అడిగితే, ఆసుపత్రికి వద్దు, మా ఆయన పోయిన గదిలోనే పోతాను అని సైగలతోనే చెప్పింది.

ఈ వారంలోనే ఇద్దరి దగ్గరికీ వెళ్ళండి. డిశ్చార్జ్ కాగితం, బయాప్సీ రిపోర్టు, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ జిరాక్సులు తీసుకెళ్ళండి. అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో కూడా నొప్పి, పాలియేటివ్ సేవల (జబ్బు నయం కాకపోయినా బాధ తగ్గించే వైద్యం) గురించి అడిగి చూడండి. వచ్చే మనిషి నర్సింగ్ చదివిందా, డాక్టరు తనే వస్తాడా, డబ్బు రోజుకా నెలకా, మధ్యలో మనిషి పోతే మిగతాది వెనక్కిస్తారా, ఇంట్లో పోతే మరణ కారణం రాసిచ్చే డాక్టరెవరు (21 రోజుల్లో నమోదు చేయించాలి కదా) అన్నీ ముందే మాట్లాడుకోండి. రాత్రికి ఇచ్చే నంబరు తీసుకుని, చేరకముందే ఒక రాత్రి ఫోన్ చేసి చూడండి. చేరిన రోజే నాన్నగారి నొప్పి పదికి ఎంతో, ఆయాసం పదికి ఎంతో ఆయన్నే అడిగి క్యాలెండర్ మీద రాయండి. మూడు నాలుగు రోజుల్లో ఆ అంకె దిగకపోతే గట్టిగా అడగండి, అప్పటికీ కదలకపోతే కట్టిన డబ్బు గురించి ఆలోచించకుండా వేరేవాళ్ళని చూసుకోండి.