పింఛను కంటే ముందు పట్టాల్సిన పని

ప్రశ్న: అక్కా, మాది కర్నూలు జిల్లా కోసిగి పక్కన పల్లె. బాబుకు ఏడేళ్లు. పుట్టగానే ఏడవలేదు, సెరిబ్రల్ పాల్సీ అన్నారు. కూర్చోలేడు, మాటలు రావు, ఫిట్స్ మందులు వాడుతున్నాం. చిన్నపిల్లలకు పింఛను రాదని ఒకరు, డబ్బిస్తే సదరం (వైకల్యం) సర్టిఫికెట్ తెప్పిస్తానని ఇంకొకరు. ఏటా సుగ్గికి (కూలి పనుల వలస) గుంటూరు పోతాం, అప్పుడు పింఛను ఆగిపోతుందని భయపెడుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
- ఒక తల్లి

జవాబు: ఆ డబ్బు అడిగినాయనకు ముందు దండం పెట్టి పంపించెయ్యమ్మా. సదరం స్లాట్ మీ సచివాలయంలోనో మీసేవలోనో బుక్ అవుతుంది. పర్సెంటేజీ వేసేది ఆసుపత్రిలో డాక్టర్లు, మధ్యలో ఈయనకు పనేం లేదు. వికలాంగ పింఛనుకు వయసుతో సంబంధం లేదు. 40 శాతం వైకల్యం, రేషన్ కార్డు ఉంటే బాబు పేరు మీదే అడగొచ్చు.

కానీ నేనైతే పింఛనుతో మొదలుపెట్టను. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం విద్యాశాఖ నడిపే భవిత కేంద్రంలో ఏళ్ల తరబడి ఇలాంటి పిల్లలతోనే పనిచేశాను. స్లాట్ దొరికేదాకా కాగితం ఆగుతుంది, బాబు కండరాలు ఆగవు, బిగుసుకుంటూ పోతాయి. ఎంఈవో ఆఫీసులో అడిగి మీ మండలం భవిత కేంద్రానికి తీసుకెళ్లు. వ్యాయామాలు నేర్పడానికి ఫిజియోథెరపిస్టు ఏ రోజు వస్తారో కనుక్కో. అంత దూరం ఎత్తుకెళ్లలేనంటే ఇంటికే వచ్చి చెప్పే ఏర్పాటు కూడా ఉంది, అడగనిదే ఎవరూ చెప్పరు. ఏఎన్ఎంను అడిగితే ఆర్‌బీఎస్‌కే కింద జిల్లాలో ఇలాంటి పిల్లలకు చికిత్స చేసే కేంద్రానికి రాసి పంపిస్తుంది. 18 ఏళ్ల లోపు పిల్లల ఆరోగ్యం కోసం 2013 నుంచి ఉన్న పథకం అది. వీటికి సదరం కాగితం వచ్చేదాకా కూర్చోనక్కర్లేదు.

ఇక ఆధార్. ఐదేళ్లు దాటాయి కాబట్టి వేలిముద్రలు, కంటిపాప అప్‌డేట్ చేయించాలి. మన పిల్లలతో తంటా అంతా అక్కడే. పిడికిలి బిగించేస్తాడు, మిషను దగ్గరాయన బొటనవేలు పట్టుకుని లాగుతాడు, వీడు ఇంకా బిగిస్తాడు, ఏడుపు. వేళ్లు లాగనివ్వద్దు. మణికట్టును మెల్లగా కిందికి వంచి, చెయ్యి వెనకవైపు నిమురుతూ ఉండు, వేళ్లు వాటంతటవే విచ్చుకుంటాయి. అప్పుడు ఒక్కో వేలు పెట్టించు. అప్పటికీ పడకపోతే మినహాయింపు కింద నమోదు చేసే వీలుంది. కుదరదని పంపించేస్తే ఒప్పుకోవద్దు.

సదరం రోజున చాలామంది ఎముకల డాక్టరు చూడగానే అయిపోయిందనుకుని వచ్చేస్తారు. మీవాడికి కదలికతో పాటు మాట, తెలివి కూడా చూడాలి కదా. బహుళ వైకల్యం కింద అన్నీ లెక్కలోకి తీసుకోమని అక్కడే అడుగు. ఫిట్స్ మందుల చీటీలు, పుట్టినప్పటి డిశ్చార్జి కాగితం సంచిలో ఉండాలి. మాత్ర వేసే టైమైతే వరసలో ఉన్నా సరే వేసెయ్. కాగితం చేతికి రాగానే శాతం కంటే ముందు గడువు తేదీ చూడు. ఎదిగే పిల్లలకు కొన్నాళ్లకే పరిమితం చేసి ఇస్తుంటారు, అది దాటితే మళ్లీ తిరుగుడే.

పింఛను 2024 జులై నుంచి 6,000. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000. మీవాడు అందులోకి వస్తాడా రాడా అన్నది డాక్టర్లు రాసేదాన్ని బట్టే ఉంటుంది, ఇంట్లో లెక్కలు వేసుకుని అప్పు చెయ్యొద్దు. సుగ్గి సంగతికి టెన్షన్ వద్దు. వరసగా రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో అంతా కలిపి ఇస్తారు. ఆ మూడో నెలకు మాత్రం మీలో ఒకరు బాబును తీసుకుని ఊళ్లో ఉండాలి.

సర్టిఫికెట్ వచ్చాక నిరామయ బీమాకు దరఖాస్తు పెట్టు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టుది, సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు వర్తిస్తుంది. ఏడాదికి లక్ష రూపాయల దాకా ఇస్తారు, ఆసుపత్రిలో చేరితేనే అని కాదు, ఓపీ ఖర్చులకూ థెరపీకీ కూడా. మన జిల్లాలో దీని పేరు విన్న తల్లిదండ్రులు తక్కువ, అదే నా బాధ. డబ్బు ముందు మనం పెట్టుకుని తర్వాత తీసుకోవాలి. అందుకని మందుల షాపులో బాబు పేరు మీద బిల్లు రాయించుకో, నెలలోపే క్లెయిమ్ పంపు. ఏటా రెన్యువల్ కూడా ఉంటుంది.